తాళం వేసిన ట్యాంకు

సోమవారం పొద్దున్నే బకెట్టూ పాత గుడ్డా పట్టుకుని బండి తుడవడానికి షెడ్డులోకి వెళ్ళిన అంద్రెయకి డీజిల్ ట్యాంకు మూత కొత్తగా కనిపించింది. పాత నల్ల మూత పోయి, కొక్కెం ఉన్న ఇనప మూత వచ్చింది. కొక్కేనికి ఇత్తడి తాళంకప్ప వేలాడుతోంది. అది చూసి అతను మొదట సంతోషించాడు. చర్చి కాంపౌండు ప్రహరీ ఒకవైపు కూలిపోయి ఏడాదైంది, దొంగల భయం ఉన్న మాట నిజమే, కమిటీవాళ్ళకి ఇన్నాళ్ళకైనా బండి మీద శ్రద్ధ కలిగిందనుకున్నాడు. తాళంకప్పని కూడా శుభ్రంగా తుడిచాడు. దాని తాళంచెవి తనకెవరూ ఇవ్వలేదన్న సంగతి, వెనక చక్రాలు కడుగుతుండగా గానీ అతని బుర్రకి తట్టలేదు.

తట్టాక ఇక చెయ్యి ఆడలేదు. తడిగుడ్డ చేత్తో పట్టుకుని ఆ మూతకేసి చూస్తూ నిలబడిపోయాడు. ఇరవై ఏళ్ళపైగా ఆ బండి స్టీరింగు పట్టుకున్నవాడికి, ఆ బండి ట్యాంకుకే తాళం వేశారంటే ఎవరి కోసం వేశారో ఇంకొకరు వచ్చి చెప్పక్కర్లేదు.

బండి పాత వ్యాను. పక్కన నీలం రంగుతో రాసిన ‘సంచార సువార్త’ అన్న అక్షరాల్లో సగం పెచ్చులూడిపోయాయి. లోపల పాస్టరు అయ్యగారికి ఒక మెత్తటి బెర్తు, దాని వెనక అంద్రెయకీ అతని భార్య ఏసమ్మకీ ఒక ఇనప మంచం, మూల గ్యాసు పొయ్యి, చెక్క సామాను పెట్టె, నీళ్ళ డ్రమ్ము. పైన క్యారియరు మీద మైకు బాకాలు, షామియానా గుంజలు. తెనాలిలో బయల్దేరి రేపల్లె మీదుగా బాపట్ల దాకా ఉన్న పాలేలన్నీ తిరుగుతూ, వారంలో సగం రోజులు ఆ బండిలోనే వండుకుని, ఆ బండిలోనే పడుకుని, ఆ బండి ముందే ప్రార్థన కూటాలు పెట్టుకునేవాళ్ళు. ఏసమ్మ చేపల పులుసు వాసనకి సువార్త వినడానికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని పాత అయ్యగారు నవ్వుతూ అనేవారు.

కాసేపటికి సంఘ కార్యదర్శి వినయ్ కుమార్ మాస్టారు స్కూటరు మీద వచ్చారు. ఆయన ఉన్నత పాఠశాలలో హెడ్మాస్టరు. తాను అబద్ధం ఆడరు, ఆడినవాణ్ణి వదలరు. దాంతో ఊళ్ళో ఆయనంటే గౌరవమూ ఎక్కువే, భయమూ ఎక్కువే. స్టాండు వేసి, తాళంకప్ప ఒకసారి లాగి చూసుకుని, విషయం సౌమ్యంగానే చెప్పారు. లీటరుకి పది కిలోమీటర్లు దాటి ఇచ్చే బండి ఏడాదిగా దిగుతూ దిగుతూ ఏడుకి వచ్చింది. కమిటీలో అడుగుతున్నారు. తను జవాబు చెప్పుకోవాలి. డీజిలు దానంతటది ఆవిరైపోదు కదా అన్నారు. దొంగ అన్న మాట మాత్రం ఆయన నోటి వెంట రాలేదు. వచ్చినా బావుండేది, కాదని చెప్పడానికి అంద్రెయకి వీలుండేది.

అతనికి తెలిసిన కారణం ఒకటుంది. పోయిన వేసవిలో కొత్తగా బెన్నీ అయ్యగారు వచ్చారు. ఆయనకి షుగరు. ఎండలో ఉండొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అందుకని బండికి ఏసీ బిగించారు. అప్పట్నుంచీ ఏ పాలెంలో ఆగినా మధ్యాహ్నం భోజనమయ్యాక అయ్యగారు కునుకు తీసినంతసేపూ, మళ్ళీ సాయంత్రం ప్రసంగానికి ముందు ప్రార్థన చేసుకున్నంతసేపూ ఇంజను నడుస్తూనే ఉంటుంది. అంద్రెయ చేతులు నలుపుకుంటూ ఆ మాటే అన్నాడు. నిలబడి ఉన్నప్పుడు కూడా తాగుద్దండి, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ తాగుద్దండి అన్నాడు.

మాస్టారి మొహం మారింది.

“కదలని బండి డీజిలంతా తాగేసిందంటే ఎవరు నమ్ముతారయ్యా? నన్ను ఏమన్నా అను, పడతాను. దైవజనుడి మీదకి మాత్రం నెట్టకు” అన్నారు.

అంద్రెయ తల దించేసుకున్నాడు. చెప్పిన మాట నిజమే అయినా, చెప్పినందుకు సిగ్గేసింది. బెన్నీ అయ్యగారు చెడ్డవారు కాదు. పోయిన క్రిస్మసుకి ఏసమ్మకి చలిజ్వరం వస్తే తన శాలువా తీసి కప్పిన మనిషి. అలాంటాయన మీద చాడీ చెప్పినట్టయింది.

మాస్టారు ఏర్పాటు కూడా చేసుకునే వచ్చారు. ఈ వారం అయ్యగారు రాజమండ్రి మహాసభలకి వెళ్ళారు కాబట్టి కూటాలు లేవు. శనివారం ఆయనే స్వయంగా పక్కన కూర్చుంటారు. తెనాలిలో ట్యాంకు నిండా పోయించి, రేపల్లె వెళ్ళి, అక్కణ్ణుంచి బాపట్ల, బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా మళ్ళీ తెనాలి వచ్చి, మళ్ళీ నిండా పోయిస్తే బండి అసలు ఎంతిస్తుందో తేలిపోతుంది. తాళంచెవి అప్పటిదాకా ఆయన జేబులోనే ఉంటుంది.

“ఆదివారం సంఘంలో నేను లేచి చెప్పాలి అంద్రెయా. ఏం చెప్పాలో నువ్వే తేల్చు” అని స్కూటరెక్కి వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చి అంద్రెయ మంచినీళ్ళు కూడా తాగలేదు. సంఘంలో లేచి చెప్తారు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, మధ్యలో తను. తన తండ్రి ఆ చర్చికి ఇటుకలు మోశాడు. తను అందులోనే బాప్తిస్మం పొందాడు. ఆ నాలుగు గోడల మధ్య డీజిలు దొంగ అని పేరు పడితే ఇక చచ్చినా ఆ పేరుతోనే మోస్తారు. అతనికి ఉన్న ఆస్తి ఆ మంచిపేరు ఒక్కటే.

ఏసమ్మ బియ్యం చేటలో పోసుకుని రాళ్ళేరుతోంది. అంతా విని చేట పక్కన పెట్టింది. పదిమాటలు మాట్లాడే మనిషి కాదు గానీ మాట్లాడితే మేకు దిగ్గొట్టినట్టు మాట్లాడుతుంది.

“నువ్వు దాని మీద చెయ్యెయ్యబాక. అట్టానే తిప్పు. తాళం వాళ్ళదే, చెవి వాళ్ళ దగ్గరే. అప్పుడు గూడా ఏడే వచ్చిందనుకో, దొంగ ఎవుడో వాళ్ళే ఎతుక్కుంటారు.”

అంద్రెయ ఆమెకేసి జాలిగా చూశాడు. బండి సంగతులు ఆడవాళ్ళకేం తెలుస్తాయనుకున్నాడు. బండి ఏడు ఇచ్చిందంటే అది డ్రైవరు పరువు తీసే లెక్క. చేతికింద బండిని పాడుకానిచ్చి ఊరుకున్నవాడు డ్రైవరెలా అవుతాడు? పైగా ముసలిదైపోయిందని తుక్కు కింద అమ్మేసినా అమ్మేస్తారు. లోపం ఎక్కడుందో వెతికి, బాగుచేసి, మునుపట్లా పరిగెత్తించి చూపిస్తే, పాపం బండిదే గానీ మనిషిది కాదని మాస్టారే ఒప్పుకుంటారని అతని నమ్మకం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోకూడదని పెద్దలు ఊరికే అనలేదు. కానీ నిజంగా దొంగతనం చెయ్యనివాడికి భుజాలు దులుపుకోవాలనే ఎక్కువగా అనిపిస్తుంది. భుజం మీద ఏమీ లేదని చూపించాలని ఉంటుంది.

మంగళవారం పొద్దున బండిని బుర్రిపాలెం రోడ్డులో ఉన్న లూకా షెడ్డుకి తోలుకెళ్ళాడు. లూకా మెకానిక్కు. చిన్నప్పట్నుంచీ అంద్రెయని అన్నా అనే పిలుస్తాడు. మైలేజీ కావాలి అనగానే నవ్వి, ఈ వయసులో దీనికి మైలేజీ ఏంటన్నా, కట్టుడు పళ్ళతో చెరుకు నమలమన్నట్టు అన్నాడు. అంద్రెయ నవ్వకపోయేసరికి తనూ నవ్వు ఆపేసి జాకీ తెచ్చాడు.

వెనక చక్రం పైకి లేపి అంద్రెయ చేత్తో తిప్పాడు. సగం తిరిగి గుర్రుమని ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆగింది. సూర్యలంక వైపు కూటాలకి వెళ్ళి వెళ్ళి, సముద్రపు గాలికి బ్రేకు డ్రమ్ము లోపల ఉప్పు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అంటే ఇన్నాళ్ళూ ఆ బండి తన బ్రేకు తనే పట్టుకుని నడుస్తోందన్నమాట. అంద్రెయకి ప్రాణం లేచొచ్చింది. జబ్బు దొరికింది కదా అని. లూకా డ్రమ్ము ఊడదీస్తే, ఉప్పుకాగితం పెట్టి లోపల అంతా అతనే రుద్దాడు. ఎర్రటి పొడి మోచేతుల దాకా పట్టింది. బిగించాక తిప్పితే చక్రం ఆగకుండా తిరిగి తిరిగి మెల్లగా నిలబడింది. ఇంకోసారి అవసరం లేకపోయినా తిప్పి చూసుకున్నాడు.

తర్వాత గాలి ఫిల్టరు. మొక్కజొన్న కోతల కాలం కావడంతో లంకల వైపు రోడ్ల మీద లేచిన దుమ్మంతా దాంట్లోనే ఉంది. దులిపితే మనిషి కనబడనంత లేచింది. లాభం లేదని కొత్తది వేయించాడు. ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు ఊడదీసి పరీక్ష చేయిస్తే ఒకటి పొగలా చిమ్మాల్సింది బొట్లుబొట్లుగా కారుతోంది. దాన్నీ బాగుచేయించాడు. టైర్లలో గాలి పట్టించాడు. ఇవన్నీ కమిటీ చేయించాల్సిన పనులని లూకా గుర్తు చేస్తే, చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది లేరా అని ఊరుకున్నాడు.

“ఇంతేనన్నా. ఇక బరువు తగ్గియ్యటమే. ఇది బండా, కాపురమా?” అన్నాడు లూకా లోపలికి తొంగి చూసి.

ఆ మాట మనసులో పడింది. గురువారం కాంపౌండులో బండి నిలిపి ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాడు. మొదట పైన క్యారియరు. బోల్టులు తుప్పు పట్టి రాకపోతే కిరోసిను పోసి నానబెట్టి ఊడదీశాడు. బాకాలు రెండూ సీటు కింద సర్దాడు. షామియానా గుంజలు చర్చి పక్కనున్న వెస్ట్రీ గది వెనక చేరవేశాడు. తర్వాత లోపలికి దూరాడు. అయ్యగారి బెర్తు దగ్గర ఆగాడు. అది ముట్టుకోడానికి లేదు. ఏసీ ముట్టుకోడానికి లేదు. బ్యాటరీ, మైకు సెట్టు ముట్టుకోడానికి లేదు. ఇక మిగిలినవన్నీ ఏసమ్మవే.

ఏసమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. నీళ్ళ డ్రమ్ము దించాడు. గ్యాసు పొయ్యి, బండ దించాడు. చెక్క పెట్టె అతని ఒక్కడి వల్ల కాలేదు. ఆమే వచ్చి ఒక చివర పట్టుకుంది. అందులో పోపుడబ్బాలు, చట్టి, అట్లకాడ, చింతపండు మూట అన్నీ గలగలమన్నాయి. దాన్ని నేల మీద పెట్టాక, ఇనప మంచం కోళ్ళు విప్పుతుంటే ఆమె రెండో పక్క స్పానరు పట్టుకుని కూర్చుంది. ఆ మంచం మీద పడుకుని పాలేల్లో వాన చప్పుడు విన్న రోజులు ఇద్దరికీ గుర్తొచ్చాయి.

అంతా అయ్యాక బండి లోపల బోసిగా ఉంది. మాటలు గింగురుమంటున్నాయి. ఏసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, “పొయ్యి లేనాక నేనెందుకులే అందులో. నా బరువు గూడా తగ్గుద్ది” అంది. అంద్రెయ కాదనబోయాడు. కాదంటే ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియలేదు. తన పేరు నిలబెట్టుకోవడానికి ఆలిని బండి దించాడు. ఆ సంగతి అప్పుడే గుండెలో ముల్లులా గుచ్చుకుంది గానీ, శనివారం గడిస్తే మళ్ళీ ఎక్కించుకోవచ్చులే అని సర్దిచెప్పుకున్నాడు.

శనివారం మాస్టారు చెప్పిన వేళకే వచ్చారు. పెట్రోలు బంకులో జేబులోంచి తాళంచెవి తీసి, తనే మూత తెరిచి, అంచుదాకా పోయించారు. లోపల గాలి బుడగలు ఉండిపోతే లెక్క తప్పుతుందని అంద్రెయ, బంకు మనిషి చెరోవైపూ నిలబడి బండిని ఊపారు. నురగ తగ్గాక మళ్ళీ కాస్త పోయించారు. మాస్టారు తాళం వేసి లాగి చూసుకున్నారు.

అంద్రెయ చెప్పులు విడిచి సీటు కింద పెట్టి, వట్టి పాదం యాక్సిలేటరు మీద ఆనించాడు. కొత్తగా బండి నేర్చుకున్నప్పుడు గురువు అలా నేర్పాడు. చెప్పు అడ్డం ఉంటే కాలికి ఇంజను మాట తెలియదు. బంకు దాటాక, రైలు గేటు దాటాక, జంపని వైపు రోడ్డెక్కి నాలుగో గేరులో పడ్డాక అతనికి కళ్ళు చెమర్చాయి. బండి తేలిగ్గా పోతోంది. ఏళ్ళ క్రితం ఎలా పోయేదో అలా పోతోంది. స్పీడు బ్రేకరు కనబడితే దూరం నుంచే కాలు తీసేసి దాని మానాన దాన్ని వెళ్ళనిచ్చాడు. వేమూరు దాటాక రోడ్డులో సగం మేర మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా ట్రాక్టరొస్తే ముందే చూసి, ఆగే పని లేకుండా మెల్లగా ఒదిగి పోయాడు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ కాస్త డీజిలు నేల పాలైనట్టే అతనికి.

ఏసీ వెయ్యమని మాస్టారు అడగలేదు. ఆయనకి అలాంటి సుఖాలు పట్టవు. కిటికీ తీసి, వేడిగాలికి తువ్వాలు తలకి చుట్టుకుని కూర్చున్నారు. రేపల్లెలో ఇడ్లీలు తినేటప్పుడు అంద్రెయని తన బల్ల దగ్గరే కూర్చోమన్నారు. చెరుకుపల్లి దాటాక స్కూలు కబుర్లు చెప్పారు. బాపట్లలో నిమ్మకాయ సోడా కొట్టించి తన చేత్తో అందించారు. వారం నుంచీ బిగుసుకుపోయి ఉన్న అంద్రెయ గుండె మెల్లగా వదులయింది. పొన్నూరు దగ్గర ధైర్యం చేసి, బ్రేకు డ్రమ్ము సంగతీ నాజిలు సంగతీ ఆయనకి విడమరిచి చెప్పాడు. ఆయన ఊకొడుతూ విన్నారు. ఊకొట్టడం వేరు, నమ్మడం వేరు అని సంబరంలో అంద్రెయకి తెలియలేదు.

తెనాలి బంకులో మళ్ళీ తాళం తీసి, మళ్ళీ ఊపి, మళ్ళీ అంచుదాకా పోయించారు. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని ఫోనులో లెక్క వేశారు. నమ్మలేక ఇంకోసారి వేశారు. లీటరుకి పదకొండు దాటింది.

అంద్రెయ బంకులో అందరి ముందూ రెండు చేతులూ జోడించి ఆకాశం కేసి చూశాడు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. “నువ్వు మంచివాడివేనయ్యా” అన్నారు. ఆ ఒక్క మాట మోసుకుని అంద్రెయ ఇంటికి పరిగెత్తాడు. గడప దాటకముందే పదకొండు, పదకొండు అన్నాడు. ఏసమ్మ చేపలు తెచ్చానులే, కాళ్ళు కడుక్కో అంది.

ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక వినయ్ కుమార్ మాస్టారు లేచారు. రాత్రి రైలుకి తిరిగొచ్చిన బెన్నీ అయ్యగారు పక్కనే కుర్చీలో అలసటగా, చిరునవ్వుతో కూర్చున్నారు. అంద్రెయ ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో నిటారుగా కూర్చున్నాడు.

మాస్టారు చాలా బాగా మాట్లాడారు. పిల్లలకి పాఠం చెప్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా చెప్పారు. ఏడాదిగా మన సంచార బండి విషయంలో ఒక బాధ ఉంది. డీజిలు పోతోంది. ఎటు పోతోందో తెలియలేదు. ఎవరినీ నిందించడం మనకిష్టం లేదు. ప్రార్థన చేసి ట్యాంకుకి తాళం వేశాం. తాళం వేసిన ఆరో రోజుకే అదే బండి, అదే డ్రైవరు, పదకొండు కిలోమీటర్లు.

సంఘంలో కలకలం లేచింది. ఎవరో స్తోత్రం అన్నారు.

అంద్రెయకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల్లో హోరు మొదలైంది. తను రుద్దిన తుప్పు, మార్చిన ఫిల్టరు, దించిన మంచం, దిగిపోయిన ఏసమ్మ, ఇవేవీ ఆ లెక్కలో లేవు. ఉన్నది తాళం ఒక్కటే. చెయ్యెయ్యబాక అని ఏసమ్మ ఎందుకందో అప్పటికి తెలిసింది. తాళం ఉండగా ఏడు వచ్చి ఉంటే తను బయటపడేవాడు. పదకొండు తెచ్చి తనకి తనే ముద్ర వేసుకున్నాడు.

“పడిపోవడం మనిషి స్వభావం. లేవడం గొప్ప” అంటున్నారు మాస్టారు. “మన అంద్రెయని ఎవరూ వేలెత్తి చూపించొద్దు. నిన్న నేను ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను. రావయ్యా, వచ్చి సాక్ష్యం చెప్పు.”

మారుమనసు పొందినవాడు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆచారం. తాగుడు మానినవాళ్ళు చెప్పారు, పేకాట మానినవాళ్ళు చెప్పారు. వాళ్ళందరి కోసం ఆ మైకు సరిచేసి పెట్టింది అంద్రెయే. పక్కనున్నవాళ్ళు ప్రేమగా లేపారు. వీపు నిమిరారు. నడిచి ముందుకి ఎలా వెళ్ళాడో అతనికి తెలియదు. మైకు కాస్త వంగి ఉంటే అలవాటుగా సరిచేశాడు.

“నేను డీజిలు తియ్యలేదండి” అన్నాడు.

ఆడవాళ్ళ వైపు ఏసమ్మ తలెత్తింది. అంద్రెయకి ఇంకా చెప్పాలని ఉంది. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా తాగుతుందని, ఈ వారం అయ్యగారు లేరు కాబట్టి ఏసీ నడవలేదని, బ్రేకు పట్టేసిందని చెప్పాలి. పక్కకి తిరిగి చూశాడు. బెన్నీ అయ్యగారు కుర్చీ లోంచి కొద్దిగా లేచి, చెమట పట్టిన మొహంతో, నేనున్నాను భయపడకు అన్నట్టు అతనికేసి చెయ్యి చాపి ఉన్నారు. ఆ చెయ్యి చూసేసరికి మైకు వదిలేశాడు.

“చాలు నాయనా” అన్నారు అయ్యగారు, అతన్ని దగ్గరికి తీసుకుని. “పాత సంగతి ప్రభువే జ్ఞాపకం పెట్టుకోడు. మనమెంత? ఇక ఈ మాట సంఘంలో ఎవరూ ఎత్తకూడదు.”

ఆమెన్ అని అందరూ ఒక్కసారిగా అన్నారు. చెయ్యని తప్పుకి అంతమంది అంత మనస్ఫూర్తిగా క్షమిస్తుంటే, వద్దనడానికి మనిషికి నోరెలా వస్తుంది? తిట్టి ఉంటే తిరగబడేవాడేమో.

మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి, ఇకపై ఇది నీ దగ్గరే ఉంటుంది, ఇది మా నమ్మకం అని అతని చేతిలో పెట్టబోయారు. అంద్రెయ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“వద్దండి మాస్టారండి. మీ దగ్గరే ఉంచండి. మీ కాళ్ళు పట్టుకుంటాను” అన్నాడు.

నిజంగానే వంగబోయాడు. ఆ చెవి మాస్టారి జేబులో ఉన్నంతకాలమే తనకి రక్ష అని అతనికి ఇప్పుడు బాగా తెలిసింది. మాస్టారు అతని రెక్క పట్టుకుని లేపి, సంఘం వైపు తిరిగి, “చూశారా తగ్గింపు. మార్పంటే ఇదీ” అన్నారు. చప్పట్లు మోగాయి. తాళంచెవి అయ్యగారే తీసుకుని అతని చొక్కా జేబులో వేసి, జేబు మీద తట్టారు.

బయటికొచ్చాక ఆడవాళ్ళు ఏసమ్మ చేతులు పట్టుకుని, దేవుడు మీ ఇంటాయన్ని మార్చాడమ్మా అన్నారు. ఏసమ్మ చేతులు విడిపించుకుంది. దారిలో అంద్రెయ వెనకే నడిచింది గానీ, నేను చెప్పలేదా అని మాత్రం అనలేదు. అంటే తేలిగ్గా ఉండేదని అతనికి అనిపించింది.

ఆ వారం కూటాలు నిజాంపట్నం దగ్గరున్న ఒక పాలెంలో. పొయ్యి, మంచం, ఏసమ్మ లేకుండానే బండి బయల్దేరింది. మైలేజీ బాగా వస్తోంది కదా, అలాగే ఉండనిద్దామని కమిటీ అనుకుంది. భోజనం విశ్వాసుల ఇళ్ళలో ఏర్పాటు చేశారు. రాత్రికి అంద్రెయ సీటు మీద ముడుచుకుని పడుకోవాలి.

మొదటి రోజు మధ్యాహ్నం అయ్యగారు పీతల కూరతో భోంచేసి, ఎండకి తూలుతూ వచ్చి బెర్తు మీద వాలారు. సముద్రం పక్కనే ఉన్నా గాలి లేదు. పాలెమంతా తాటాకు పాకల్లో సొమ్మసిల్లి ఉంది.

“అంద్రెయా, కాస్త ఏసీ వెయ్యి నాయనా.”

అంద్రెయ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. “అయ్యగారండి, ఇంజను ఆడిస్తే డీజిలు” అని, జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

అయ్యగారు కళ్ళు మూసుకునే నవ్వారు. “ఇంకా ఆ భయమేనా? అంతా కడిగేసుకున్నాం కదయ్యా. నిన్నిక ఎవరూ ఏమీ అనరు. వెయ్యి.”

వేశాడు. తలుపు మూసి బయటికొచ్చాడు. బండి ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. నాజిళ్ళు బాగుచేయించడం వల్ల చప్పుడు మాత్రం మునుపటికన్నా మెత్తగా ఉంది. అతను వేపచెట్టు నీడకి వెళ్ళబోయి, వెళ్ళలేక, బండి పక్కనే చారెడు నీడలో కూలబడ్డాడు. జేబులో తాళంచెవి గుండెకి తగులుతోంది. దాన్ని తీసి, ఎదురుగా ఉన్న మురుగుకాలవ కేసి చూశాడు. విసిరేస్తే? అప్పుడు తాళంచెవి ఏం చేశావని అడుగుతారు. పారేశాను అంటే ఎందుకు పారేశావంటారు. మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

నీడ బండి చుట్టూ తిరిగింది. అతనూ దాంతోపాటే జరిగాడు. ఒకసారి లేచి కిటికీ లోంచి చూస్తే పొద్దున బయల్దేరినప్పుడు నిండా చూపించిన డీజిలు ముల్లు బాగా కిందికి దిగింది. వచ్చిన దారి ఎంతని, దిగింది ఎంతని? నెలాఖరుకి మాస్టారు మళ్ళీ కళ్ళజోడు పైకి తోసుకుని లెక్క వేస్తారు. ఈసారి తాళంచెవి తన జేబులో ఉంది. ఈసారి క్షమించరు కూడా.

ఫోను మోగింది. ఏసమ్మ.

“తిన్నావా?” అంది.

“తిన్నా. పీతల కూర పెట్టారు.”

ఆమె వింటోంది.

“బండి నడుపుతున్నావా?”

“లేదు. ఆగే ఉంది.”

“మరి ఆ చప్పుడు?”

అవతల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది.

“ఎంతసేపట్నుంచి?” అంది ఏసమ్మ.

“అయ్యగారు పడుకున్నారే.”

“ఇక ఫోను పెట్టెయ్యయ్యా. ఆ చప్పుడు నేను వినలేను” అంది. కానీ ఆమె పెట్టలేదు. అతనూ పెట్టలేదు. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని లేచి, బండి చుట్టూ తిరిగి ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు. వంగి, తాళంకప్ప పట్టుకుని లాగి చూశాడు. తాళం గట్టిగానే పడి ఉంది.